పన్నెండో అంతస్తులో రోడ్డు

మా మామగారు కనపడకుండా పోయిన నలభై నిమిషాల గురించి మా ఆయనకు నేను అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పాను, కాకపోతే సగం. మిగిలిన సగం ఒక పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు నా డ్రాయరులో ఉంది.

అది 2019 వేసవి. దేశం దాటొచ్చి స్థిరపడ్డ బర్నబీలో మా ఇంట్లో పైన ముగ్గురం ఉండేవాళ్లం: నేను, మా ఆయన చక్రధర్, మామగారు సీతారామారావుగారు. కింద బేస్‌మెంట్‌లో యున్ అనే చైనా అమ్మాయి. కొండమీది యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. ఆ ఏడాది ఊరి నిండా స్టూడెంట్సే. కొండెక్కే బస్సు మా స్టాపుకు వచ్చేసరికే నిండిపోయేది. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఒకటే మెసేజు: "సెప్టెంబర్ ఇన్‌టేక్, రూమ్ కావాలి, ప్లీజ్." చక్రధర్ అక్క కూతురు తేజశ్రీ కూడా ఆ సెప్టెంబరుకే రావాలి. ఆ పిల్లకు గది ఎక్కడిదన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరి బుర్రలోనూ ఉంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం మామగారు టీకి పాలు పెట్టి, పైకెళ్లి పడుకున్నారు. పొగ అలారం మోగితే యున్ పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. ఏప్రిల్‌లో లైబ్రరీకని బస్సెక్కి, ఆ రద్దీలో దిగాల్సిన చోట దిగకుండా కొండమీదిదాకా పోయారు. అక్కడ పొగమంచులో రెండు గంటలు తిరిగారు.

మే నెలలో చక్రధర్ ఒక సీనియర్స్ హోమ్ చూసొచ్చాడు.

"జూన్ ఆఖరుదాకా రూమ్ హోల్డ్ చేస్తామన్నారు," అన్నాడు వంటగదిలో, గొంతు తగ్గించి.

"ఒక్క గిన్నె మాడినందుకా?"

"గిన్నె కాదు రూపా, పొగ. ఈసారి యున్ క్లాసులో ఉంటే? ఆఫీసులో ఫోన్ మోగిన ప్రతిసారీ నాకు ముందు అదే గుర్తొస్తోంది. ప్రతిసారీ."

మాట్లాడుతూనే స్టవ్ మీటలు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. కోపం కాదది, భయం. నేనేదో అనేలోపు మామగారు చేతిలో కాగితాలతో వచ్చారు.

"ఒరే, ఈ చైనా వీసా ఫారంలో వృత్తి అని ఉంది. రిటైర్డ్ అని రాస్తే చిన్నతనంగా ఉందిరా. సర్వేయర్ అని రాస్తా. ఏమంటావ్?"

చక్రధర్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఇదంతా యున్ చేసిన పని. ఒక సాయంత్రం మామగారు ఆ అమ్మాయిని మాటల్లో అడిగారట: చోంగ్‌చింగ్‌లో మీ అమ్మమ్మగారిల్లు ఎన్నో అంతస్తులో ఉంటుంది అని. "ఏ వైపు నుంచి తాతా?" అని అడిగిందట యున్. ముందు వీధి నుంచి వస్తే ఒకటో అంతస్తు, వెనక వీధి నుంచి వస్తే ఎనిమిదోది. తన ఊరు కొండల మీద ఉందనీ, రెండు నదులు కలిసే చోట అంచెలంచెలుగా కట్టారనీ, రైలు అపార్ట్‌మెంటు మధ్యలోంచి పోతుందనీ చెప్పింది.

ఆ రోజు మొదలు ఆయనకు వేరే ధ్యాస లేదు. ఇరవై రెండేళ్ల వయసులో నాగార్జునసాగర్ కుడి కాలువకు సర్వే గొలుసు పట్టుకున్న మనిషి. జీవితమంతా నేల ఎంత ఎత్తున ఉంది, ఎంత పల్లానికి పోతోంది అన్నదే ఆయన పని. "మైలుకి ఆరంగుళాల వాలమ్మా," అనేవారు నాతో. "అంతే. ఆ ఆరంగుళాలూ తప్పితే నీళ్లు వెనక్కి చూస్తాయి." అలాంటి మనిషికి, రోడ్డు కూడా ఒక అంతస్తయిన ఊరు ఉందని చెబితే ఊరుకుంటారా?

ఆ ప్రయాణానికి చక్రధర్ చివరికి ఒప్పుకున్నాడు. షరతు నాకు విడిగా చెప్పాడు.

"పది రోజులు నాన్నతో నువ్వే ఉంటావు. చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. ఓకే అంటే ఆ రూమ్ వదిలేస్తా. కాదంటే జూలైలో షిఫ్ట్ చేద్దాం. నా మాట నాన్న వినరు, నీ మాట వింటారు."

నేను పర్యాటకురాలిగా కాదు, పరీక్షాధికారిగా విమానం ఎక్కాను. ఆ సంగతి మామగారికి తెలియదనుకున్నాను.

*

చోంగ్‌చింగ్‌లో జూన్ అంటే మూత పెట్టిన ఇడ్లీ పాత్ర. హోటలు గుమ్మం దగ్గర టాక్సీ దిగగానే మామగారు నేలమీద వంగారు. కళ్లు తిరిగాయనుకుని పట్టుకోబోయాను.

"ఆగమ్మా. బెంచ్ మార్క్ పెడుతున్నా."

సంచిలోంచి పాత నీలం అట్ట పుస్తకం తీశారు. సర్వేవాళ్లు వాడే లెవెల్ బుక్. హోటలు గడపకు వంద అని రాశారు.

"వందేమిటి?"

"ఏదో ఒకటి అనుకోవాలి కదా. సముద్రం ఇక్కడికి దూరం. ఈ గడప వందడుగుల ఎత్తున ఉందనుకుందాం. ఇక్కణ్నుంచి ఎక్కిన మెట్లు మెట్టుకి అరడుగు చొప్పున కలుపుతా, దిగినవి తీసేస్తా. ఊరంతా తిరిగి ఈ గడపకే వచ్చినప్పుడు మళ్లీ వందే రావాలి. వస్తే మనం తప్పిపోలేదని లెక్క."

ఆ ఊళ్లో మెట్లు లెక్కపెట్టడమంటే మాటలు కాదు. సందులు మెట్లు, బజారు మెట్లు, గుడికి పోయే దారి మెట్లు, గుడి దాటాక మళ్లీ మెట్లు. ఒక వంతెన మీద నిలబడితే కింద ఇంకో వంతెన, దాని కింద నది. నదికి అవతల కొండంతా కిటికీలే. ఒక పార్కులో ముసలివాళ్లు పంజరాల్లో పిట్టల్ని వేలాడదీసి పేకాడుతుంటే, పిట్టగోడ దగ్గరికెళ్లి తొంగిచూశాను. మేం నిలబడిన పార్కు ఒక ఇరవై అంతస్తుల మేడ పైకప్పు. కింద కార్లు చీమల్లా ఉన్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామగారు అరచేత్తో గోడను నిమిరారు.

"ఎవడు చేశాడో గానీ మంచి పని," అన్నారు.

రైలు అపార్ట్‌మెంటులో దూరే చోట అందరూ ఫోన్లెత్తి రైలును వీడియో తీస్తుంటే, ఆయన మాత్రం స్తంభాల వైపు చూస్తూ నిలబడ్డారు. "చూడు, రైలు బరువు మేడ మీద పడటం లేదు. దేని కాళ్లు దానివే. ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకదాని మీద ఒకటి ఆనవు."

నా ఫోన్లో కూడా ఒక పుస్తకం ఉంది. రెండు వరసలు. ఒకటి బాగున్నవి, రెండోది బాగాలేనివి. మొదటి రోజు: దారి తప్పలేదు, లెక్క తప్పలేదు. రెండో రోజు: బీపీ టాబ్లెట్ వేసుకున్నానా అని రెండుసార్లు అడిగారు. మూడో రోజు: కళ్లజోడు హోటలు ఫ్రిజ్‌లో దొరికింది. రోజూ ఉదయం ఎనిమిదింటికి చక్రధర్ ఫోన్ చేసేవాడు. అక్కడ ముందురోజు సాయంత్రం అయిదు.

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"బానే అంటే?"

"కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టారు."

చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. చెప్పడానికే కదా వచ్చాను.

నాలుగో రోజు యున్ అమ్మమ్మగారింటికి వెళ్లాం. నూట అరవై నాలుగు మెట్లు. మామగారు పైకి లెక్కపెడుతూ ఎక్కారు, నేను ప్రతి మలుపులో ఆగుతూ ఎక్కాను. యున్ మాతో ఒక జత మోకాలి పట్టీలు పంపింది. ఎనభై ఏళ్ల ఆ అమ్మమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. ప్యాకెట్ విప్పి పట్టీలు రెండూ చూసింది. మామగారి మోకాళ్లు చూసింది. ఒకటి తన కాలికి తొడుక్కుని, రెండోది ఆయన కాలికి, ప్యాంటు మీదనుంచే తొడిగి, చప్పట్లు కొట్టి నవ్వింది.

నూడుల్స్ పెట్టింది. ఎర్రగా ఉన్నాయి. మామగారు ఒక్క ముద్ద తిని ఆగిపోయారు.

"కారమా మావయ్యగారూ?"

"కారం నాకో లెక్కా? ఇది కారం కాదమ్మా. పెదాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. పన్ను పీకేముందు ఇచ్చే ఇంజెక్షను కూరలో వేశారు."

అయినా గిన్నె ఖాళీ చేశారు. ఆయనకు చైనీస్ రాదు, ఆమెకు ఆ ఒక్క భాష తప్ప ఇంకోటి రాదు. గంటసేపు మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు ఆవిడ కిటికీలోంచి కింద మెట్లు చూపించి, వేళ్లతో తన తల చుట్టూ గాలిలో సున్నా చుట్టి, ఏదో అంది. మామగారు తలూపారు.

"ఏమన్నారు?"

"ఏమో. ఈ మధ్య మెట్లు లెక్క తప్పుతున్నాయి అని ఉంటుంది," అన్నారు ఆయన, పట్టీ సరిచేసుకుంటూ.

ఆ మాట నేను ఫోన్లో రాసుకోలేదు.

*

అయిదో రోజు పన్నెండు కావస్తోంది. ఊరి నడిబొడ్డున ఒక పెద్ద మేడ ముందు ఆగాం. గుమ్మం పక్కన రాతి సింహం, ఎదురుగా బస్టాపు, ఆ పక్కన పళ్ల బండి. మామగారు లోపలికెళ్లి లిఫ్టు పక్కనున్న బోర్డు చూసొచ్చి పుస్తకంలో ఏదో రాసుకున్నారు. అంతలో చినుకులు మొదలయ్యాయి. పుస్తకం తడుస్తుందని నా చేతికిచ్చారు. నా బ్యాగులో పెట్టుకున్నాను.

"నేను వాష్‌రూమ్‌కి వెళ్లొస్తా మావయ్యగారూ. ఈ సింహం దగ్గరే ఉండండి. కదలొద్దు, సరేనా? కదలొద్దు."

చిన్నపిల్లాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాను. "సరేనమ్మా," అన్నారు.

వాష్‌రూమ్ వెతుక్కుంటూ ఎస్కలేటర్లలో నాలుగైదు అంతస్తులు తిరిగాను. పని అయ్యాక లిఫ్టెక్కి, బటన్ నొక్కి, బయటికొచ్చాను. గుమ్మం. సింహం. బస్టాపు. పళ్ల బండి. చినుకులు.

మామగారు లేరు.

ముందు కోపం వచ్చింది. బస్టాపులో చూశాను, పళ్ల బండి వెనక చూశాను, పక్క కొట్లో చూశాను. యున్ మా ఇద్దరి ఫోన్లలో వీచాట్ పెట్టి, ఒకరెక్కడున్నారో ఒకరికి కనిపించే ఏర్పాటు చేసి పంపింది. తెరిచాను. మ్యాపులో రెండు చుక్కలు. నాదీ, ఆయనదీ. ఒకదాని మీద ఒకటి. అంటే ఆయన నా పక్కనే ఉండాలి.

వెనక్కి తిరిగాను. ఎవరో గొడుగుతో నన్ను తప్పించుకుని పోయారు.

ఫోన్ చేశాను.

"మావయ్యగారూ, ఎక్కడున్నారు?"

"సింహం దగ్గరేనమ్మా. నువ్వెక్కడ?"

"నేనూ సింహం దగ్గరే ఉన్నాను!"

"లేవమ్మా. ఇక్కడ నేనొక్కణ్నే ఉన్నా."

"మీ ఎదురుగా ఏముంది?"

"బస్టాపు. పళ్ల బండి."

నా ఎదురుగా బస్టాపు. పళ్ల బండి. లేనివి ఉన్నట్టు కనిపిస్తున్నాయా ఈయనకు? ఒకసారి చూసినవి మనసులో ఉండిపోయి, ఇంకెక్కడో నిలబడి వాటినే చెబుతున్నారా?

"మావయ్యగారూ, జాగ్రత్తగా వినండి. వీడియో ఆన్ చేసి..."

టక్కున కట్టయింది. మళ్లీ చేశాను. స్విచాఫ్. ఆ పొద్దున ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టడం మర్చిపోయారు. బాగాలేనివి అన్న వరసలో నేనే రాశాను. మ్యాపులో ఆయన చుక్క అలాగే ఉంది, నా చుక్క మీద, కదలకుండా.

పరుగెత్తాను. మేడ చుట్టూ తిరుగుదామంటే చుట్టూ దారి లేదు. ఒక పక్క గోడ, ఒక పక్క పైకి ఎక్కడికో పోయే మెట్లు. ఎక్కితే వేరే సందు. దిగొచ్చాను. పోలీసును పట్టుకుని, ఫోన్లో ఇందాక తీసిన మామగారి ఫొటో చూపించాను. అతను సింహాన్ని చూపించాడు. అవును, ఫొటో సింహం దగ్గరే తీసింది.

ఇరవై నిమిషాలు. రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఆయన రోడ్డు దాటితే? నన్ను వెతుక్కుంటూ ఏదైనా బస్సెక్కితే? చక్రధర్‌కు మెసేజు టైపు చేశాను. "నాన్నగారు కనపడటం లేదు." మూడు మాటలు. బటన్ మీద వేలు పెట్టాను. అది నొక్కితే జూలై గది ఖాయం. ఆయన దొరికినా ఖాయమే.

నొక్కలేదు. యున్‌కు చేశాను. మా బర్నబీలో రాత్రి తొమ్మిదిన్నర.

మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. నేనేం చెప్పానో నాకే తెలియదు. ఆ అమ్మాయి చివరిదాకా విని ఒకటే అడిగింది.

"ఆంటీ, మీరు ఎన్నో అంతస్తులో ఉన్నారు?"

"అంతస్తేమిటి? రోడ్డు మీద ఉన్నాను!"

"రోడ్డు ఎన్నో అంతస్తులో ఉంది?"

నేను తలెత్తి మేడ వైపు చూశాను.

"లోపలికి వెళ్లేటప్పుడు ఏ అంతస్తు నుంచి వెళ్లారు?"

"చూళ్లేదు."

"తాత చూసి ఉంటారే. ఎక్కడికెళ్లినా రాసుకుంటానన్నారు నాతో." తర్వాత గొంతు తగ్గించింది. "అంకుల్ పైనే ఉన్నారు. చెప్పనా?"

"వద్దు," అన్నాను. "అయిదు నిమిషాలాగు."

బ్యాగులోంచి నీలం పుస్తకం తీశాను. ఈ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా అందులో ఏముందో చూడలేదు. మెట్ల లెక్కే కదా అనుకున్నాను. తడిచేత్తో ఇవాళ్టి పేజీ కోసం తిప్పబోతే, ముందు పేజీలు తెరుచుకున్నాయి. జనవరి నుంచి ఉంది. బర్నబీ. మెట్ల లెక్క కాదది. ప్రతి రాత్రీ పది మాటలు రాసుకున్నారు. చింతపండు, గొలుసు, చిత్తూరు, మేకు, అలాంటివి. పక్కన మర్నాడు పొద్దున చూడకుండా ఎన్ని చెప్పగలిగారో అంకె. తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. రిమార్కుల గడిలో చిన్న అక్షరాలు. "స్టవ్ మరిచాను. యున్ ఆర్పింది." "కొండ మీద దిగాను, ఏ వైపో తెలియలేదు, రెండు గంటలు." ఎనిమిది. ఏడు. "చక్రి భయపడుతున్నాడు. వాడి తప్పు లేదు." ఏడు. "రూపను నన్ను చూడ్డానికి పంపుతున్నాడు. మంచిదే. ఒకరి లెక్క సరిచూసే చెక్ లెవెల్ రెండోవాళ్లే తీయాలి."

అక్కడ ఆగడానికి టైము లేదు. ఆగకుండా ఉండటం కూడా చేతకాలేదు. ఆఖరి పేజీకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. చినుకులు కాదు.

"సింహం. ఈ రోడ్డు పన్నెండో అంతస్తు. లిఫ్టులో ఒకటి నొక్కితే కింద వేరే రోడ్డు వస్తుంది. ఒకటి నొక్కకూడదు. రూపకు చెప్పాలి."

నేను ఒకటి నొక్కాను. బయటికి పోవాలంటే ఒకటే కదా నొక్కుతాం. నేను పుట్టిన ఊళ్లో, ఉంటున్న ఊళ్లో, నేల ఒక్కటే.

*

లిఫ్టు తలుపులు పన్నెండులో తెరుచుకున్నాయి. కింద ఉన్నలాంటిదే గుమ్మం, అలాంటిదే సింహం, బస్టాపు, పళ్ల బండి. దాని కింద మెట్టు మీద మామగారు కూర్చుని ఉన్నారు. ఒక కాలికి మోకాలి పట్టీ. పక్కన వెదురుబద్ద ఒళ్లో పెట్టుకున్న ఒక మూటలు మోసే ముసలాయన. ఇద్దరూ ఒకే సంచిలోంచి లిచీపళ్లు వలుచుకుని తింటున్నారు.

నన్ను చూసి లేచారు.

"నలభై నిమిషాలైందమ్మా. కంగారుపడ్డాను. వెతుకుదామంటే, కదలొద్దన్నావుగా." నా మొహం చూశారు. "ఒకటి నొక్కావా?"

"నొక్కాను."

"అయ్యో. చెబుదామనుకున్నా." ఆగారు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, చీకటిగదిలో స్విచ్ కోసం తడుముకుంటున్నట్టు. "చెప్పానా నీకు?"

వెదురుబద్ద ముసలాయన ఇంకో పండు వలిచాడు.

"చెప్పారు మావయ్యగారూ," అన్నాను. "నేనే వినిపించుకోలేదు."

ఆయన నా మొహాన్ని చూశారు. తర్వాత నా బ్యాగు చూశారు.

"పుస్తకం తడవలేదు కదా?"

"లేదు."

"అయితే పద. ఆకలేస్తోంది."

ఆ సాయంత్రం హోటలు గుమ్మం దగ్గర నిలబడి అయిదు రోజుల లెక్క కూడారు. వంద రావాలి. తొంభై ఎనిమిదిన్నర వచ్చింది. ఎక్కడో మూడు మెట్లు పోయాయి.

"తప్పొచ్చిందా?" అన్నాను.

"రాకపోతేనే అనుమానించాలి. మా పై ఇంజనీరు, ఈ.ఈ. ఆంజనేయప్రసాద్‌గారని ఉండేవారు. లెవెల్ బుక్ సున్నా తప్పుతో తెస్తే సంతకం పెట్టేవారు కాదు. చెట్టుకింద కూర్చుని రాశావా అని తిట్టి, మళ్లీ పంపేవారు. ఎంత దూరం నడిస్తే ఎంత తప్పు ఒప్పుకోవచ్చో ముందే ఒక లెక్క ఉంటుందమ్మా. అది దాటితేనే పనికిరాదు."

"మనిషికి కూడా ఉంటుందా మావయ్యగారూ, ఆ లెక్క?"

నేను చదివానని అలా ఒప్పుకున్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఎవరూ రాయలేదు. నాకు నేనే రాసుకున్నా. పదికి అయిదు. అయిదుదాకా మీతో ఉంటా. నాలుగు వచ్చిన రోజు నా పెట్టె నేనే సర్దుకుంటా. చక్రి బతిమాలక్కర్లేదు, నువ్వు ఏడవక్కర్లేదు." పుస్తకం మూశారు. "చిక్కేమిటంటే, ఆ రోజు నాలుగు వచ్చిందని నాకు తెలియకపోవచ్చు. రీడింగ్ తీసేవాడే లెక్క చూసుకోకూడదు. నువ్వు చూస్తావా?"

రోడ్డు అవతల మెట్లమీద స్కూలు పిల్లలు కింది నుంచి ఎక్కివస్తున్నారు. తలలు ముందు కనిపించి, తర్వాత కాళ్లు కనిపించాయి.

"చూస్తాను," అన్నాను.

మర్నాడు ఎనిమిదింటికి చక్రధర్ ఫోన్.

"నిన్న రాత్రి యున్ మెట్ల దగ్గర నన్ను చూసి తల తిప్పేసుకుంది. అక్కడేం జరిగింది?"

"తప్పిపోవడం జరిగింది."

"నాన్నా?"

"కాదు. నేను. లిఫ్టులో తప్పు బటన్ నొక్కి వేరే రోడ్డు మీదికి పోయాను. నాన్నగారు చెప్పినచోటే నలభై నిమిషాలు కూర్చున్నారు. కదల్లేదు."



"నువ్వా?"

"నేనే."

"ఓకే," అన్నాడు. తర్వాత, చాలా మెల్లగా, "థాంక్స్ రూపా," అన్నాడు. ఎందుకో నేను అడగలేదు.

*

సీనియర్స్ హోమ్‌లో ఆ గది జూన్ ఆఖరున ఇంకెవరికో ఇచ్చేశారు. స్టవ్‌కు దానంతటదే ఆగిపోయే మీట ఒకటి చక్రధరే తెచ్చి బిగించాడు. సెప్టెంబరులో తేజశ్రీ దిగి, యున్‌తో కలిసి బేస్‌మెంట్‌లో సర్దుకుంది. మొదటి వారంలోనే ఆ పిల్ల కొండ బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి ఫోన్ చేస్తే, మామగారు స్పీకర్లో పెట్టించుకుని, "ముందు ఏ వైపు పల్లముందో చూడమ్మా, అటు నడువు, ఇల్లొస్తుంది," అన్నారు. వచ్చింది.

రోజూ రాత్రి పది మాటలు నేను రాసిచ్చేదాన్ని. పొద్దున కాఫీ దగ్గర ఆయన చెప్పేవారు. జూలై అంతా ఏడు. ఆగస్టులో ఏడు, ఆరు, ఏడు. చక్రధర్ మేమేదో ఆట ఆడుకుంటున్నామనుకునేవాడు. ఒకటి రెండుసార్లు తనూ ఆడి, ఆరు చెప్పి, సిగ్గుపడి లేచిపోయాడు.

సెప్టెంబరు ఆఖరి సోమవారం. బయట వాన. మామగారు కళ్లు మూసుకుని వేళ్లు మడిచారు.

"తాళం. కొబ్బరి. వంతెన. సూది." ఆగారు. చాలాసేపు ఆగారు. "దుప్పటి."

"ఊఁ."

"అంతేనమ్మా. ఎన్ని?"

"ఆరు," అన్నాను. పెన్ను తీసి ఆరు వేశాను.

ఆయన కళ్లు తెరిచి, పుస్తకం నా ముందునుంచి తన వైపు తిప్పుకున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు. ఆరు మీద ఒక గీత గీసి, పక్కన అయిదు వేసి, కింద పొట్టి సంతకం పెట్టారు. సర్వేలో అంకె దిద్దితే అలాగే చేయాలట, రుద్దకూడదట.

"అయిదు ఒప్పుకోవచ్చు. ఇంకా ఉంది టైము," అన్నారు. "కానీ చెక్ లెవెల్ తీసేవాళ్లు ఒకటి ఎక్కువ వేయకూడదు. కాలువ మోసపోతుంది."

నేను బల్ల మీది కాఫీ మరక తుడిచాను.

"ఆ రోజు సింహం దగ్గర కూడా ఒకటి ఎక్కువ వేశావు," అన్నారు, పెన్ను మూత పెడుతూ. "చెప్పారన్నావు. ఒకటి నొక్కొద్దని నేను నీకు చెప్పలేదు. ఆ సంగతి నాకు నలభై నిమిషాలూ గుర్తుంది. నువ్వు లిఫ్టులోంచి వచ్చేసరికి మాత్రం పోయింది. నీ మొహం చూశాక మళ్లీ వచ్చింది."

"మరి అప్పుడెందుకు అనలేదు?"

"ఒకటే కదా. ఒప్పుకోవచ్చు." కాఫీ కప్పు నా వైపు జరిపారు. "ఇవాళ్టి పది మాటలు రాయి. కొంచెం గట్టివి ఇవ్వు."